అయస్కాంతం అంటని బానెట్

ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ మిగల్లేదు. మిగతా అందరికీ ఆమె అయస్కాంతం. "అయస్కాంతం వచ్చిందిరా" అన్న మాట వినబడితే చాలు, పాత కార్ల షెడ్డుల్లో కొందరి ముఖాలు వెలిగేవి, కొందరి ముఖాలు మాడేవి. చేతిసంచీలో అరచేతిలో ఇమిడే అయస్కాంతం ఒకటి, కారు రంగు గీసుకుపోకుండా దానికొక మెత్తటి గుడ్డ తొడుగు, ఒక టార్చి, ఒక రేట్ల పుస్తకం. ఆస్తీ అదే, ఆయుధమూ అదే. నోరు మాత్రం ఇంట్లోనే పెట్టి వచ్చేది. చెప్పదలుచుకున్నది కాగితం మీద రాసి, బల్ల మీద మెల్లగా ముందుకు జరిపి, తల దించుకునేది.

బడి తొమ్మిదో తరగతి సగంలోనే ఆగిపోయింది. తండ్రి కార్ల సీట్లు కుట్టేవాడు. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చింది. "నాలుగు రోజులు చేతిసాయం చెయ్యి తల్లీ, మళ్ళీ వెళ్దువుగాని" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంతవరకూ పూర్తి కాలేదు. కానీ ఆ కొట్టులో ఆమెకు వేరే చదువు దొరికింది. అందరూ కారును బయటినుంచి చూస్తారు. ఆమె సీట్లు విప్పేసిన కారులో, ఒళ్ళు ముడుచుకుని, లోపలినుంచి చూసేది. బయట ముఖం చూసుకునేంత మెరుపు, లోపల తివాచీ లేపితే చెయ్యి దూరేంత చిల్లు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

మేనమామ గొంతు పెద్దది, పేరు ఇంకా పెద్దది. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లకు విలువ కట్టడం ఆయన వృత్తి. ఇద్దరే కూర్చునేవి, పైకప్పు మడిచేసేవి, ముక్కు పొడుగ్గా ఉండి నేలకు ఆనుకుని పరిగెత్తేవి, ఆ కార్లన్నీ ఆయనకు కొట్టిన పిండి. అమ్మేవాడూ కొనేవాడూ చెరో మాట అంటే మధ్యలో ఈయన కాగితం నిలిచేది. అయితే ఆ పని నేల మీద పడుకుని చెయ్యాలి. ఆయన మోకాళ్ళు అరిగిపోయి, వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. ఒకరోజు అక్క ఇంటికి వచ్చి, కారులోంచి బయటికి కనబడుతున్న మేనకోడలి కాళ్ళు చూసి, "ఏమే, నా మోకాళ్ళుగా వస్తావా?" అన్నాడు. అలా ఎనిమిదేళ్ళు ఆమె పాకింది, ఆయన మాట్లాడాడు.

పాకుతూనే నేర్చుకుంది. కారుకు నాలుగు మెట్లు. ఒకటో మెట్టు ప్రదర్శనలో పెట్టేది. రెండోది చూడ ముచ్చటగా ఉండి, చెప్పినట్టు నడిచేది. మూడోది నడుస్తుంది గాని లోపాలు దాచుకోలేనిది. నాలుగోది కొనఊపిరితో ఉన్నది. ఒకే ఏడాది పుట్టిన రెండు కార్లకు, ఒకే రంగున్న రెండు కార్లకు, మెట్టును బట్టి రేటు ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. మెట్టు తేల్చడమే విద్య, రేటు పుస్తకం చూసి ఎవరైనా చెబుతారు.

"అన్నింటికన్నా పెద్ద దొంగ లప్పం" అనేవాడు మామయ్య. తుప్పు తిన్నచోట, గుద్దుకుని సొట్టపడ్డచోట లప్పం ముద్ద పూసి, సానబట్టి, పైన రంగు కొడితే కన్ను పట్టుకోలేదు. అయస్కాంతం పట్టుకుంటుంది. ఇనుప రేకుకు టక్కున అంటుకుంటుంది, లప్పం మీద జారిపోతుంది. "ముద్ద కనబడితే ఒక మెట్టు కాదు, రెండు మెట్లు దిగు. ఒకచోట దాచినవాడు ఇంకోచోట దాచకుండా ఉండడు." ఇదీ ఆయన చట్టం.

ఈ ఏడాది మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. "ఇక సంతకం నీదే" అని కుర్చీలో కూలబడ్డాడు. ఆమె సొంత సంతకంతో అప్పటికి రాసినవి మూడే కాగితాలు. నాలుగోది రొట్టెల పిన్నిది.

రొట్టెల పిన్ని ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే. మూల మీద బేకరీ, వెనకాల ఇల్లు, ఇంటి వెనకాల షెడ్డు. రెండు రోజుల కిందట ఆమె పొయ్యి కడుపు పగిలింది. వేడి అంతా పగుళ్ళలోంచి పోయి, రొట్టెలు ఒక పక్క పచ్చి, ఒక పక్క బొగ్గు. బాగుచెయ్యడానికి వచ్చినవాడు దాన్ని చూసి చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయాడట. మంచి పొయ్యి ఒకటి పక్క ఊళ్ళో అమ్మకానికి ఉంది. ఇవాళ సాయంత్రం ఆరు దాకా ఆగుతానన్నాడు దాని యజమాని. ఆ తరవాత అది వేరేవాళ్ళది, బేకరీకి తాళం.

"అందుకే దీన్ని తీస్తున్నానమ్మాయ్" అంటూ పిన్ని షెడ్డులో టార్పాలిన్ లాగింది. దుమ్ము మేఘం లేచింది. ఇద్దరూ తుమ్మారు.

దుమ్ము దిగాక అయస్కాంతం ఒక అడుగు ముందుకు వేసింది.

పాత ఎంజీ, ఇద్దరే కూర్చునే ఇంగ్లీషు కారు. ముదురాకుపచ్చ. రంగు మాసిపోయింది, సీటు ఒకటి చిరిగింది, చక్రాల పుల్లలకు బూజు పట్టింది. కానీ తలుపుకూ ఒంటికీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు, దారం పట్టి గీసినట్టు.

"ఎవరు నడిపేవారు పిన్నీ?" అని అడిగింది, గొంతు తనకే వినబడనంత మెల్లగా.

"ఇంకెవరు, నేనే! పెళ్ళికి ముందు మా అన్నయ్యది. వాడు దీన్ని వదిలేశాక పదకొండేళ్ళు దీంట్లోనే రొట్టెలు పంచాను. పక్క సీటులో ట్రేలు. అందరూ 'రాకుమారి రొట్టెల రథం మీద వస్తోంది' అని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించినవాళ్ళే రెండేసి కొనుక్కునేవాళ్ళు."

ఆమె అప్పటికే నేల మీద పడుకుని ఉంది. తలుపు కింద గడపలా ఉండే రేకు ఆ కార్లకు ప్రాణం. అది కుళ్ళితే నడుము వంగినట్టే. అయస్కాంతం పెట్టింది. టక్. రెండో పక్క, టక్. తలుపులు, టక్, టక్. చక్రాల పైన ముందూ వెనకా టక్కు టక్కుమని అంటుకుంటుంటే ఆమె చెవులు వేడెక్కాయి. జాకీ పెట్టి ఒక పక్క లేపి తలుపు తెరిచింది. వెన్ను విరిగిన కార్లకు అలా లేపితే తలుపు బిగుసుకుపోతుంది. ఇది అలవాటైన ఇంటి తలుపులా తెరుచుకుంది. తివాచీ లేపింది. తుప్పు లేదు. కుట్టు మడతల్లో గట్టిపడిన పిండి ఉంది. అంచు కుట్టు చూసింది. తండ్రి కొట్టులో ఎన్నో విప్పింది, ఎన్నో కుట్టింది, ఇలాంటి కుట్టు ఫ్యాక్టరీలోనే పడుతుంది. ఎవరూ విప్పని సీటు! రెండో మెట్టు అనుకుంది. గట్టి రెండు. రంగు తుడిస్తే ఒకటికి తలుపు తడుతుంది.

ఇక బానెట్. పైన అయస్కాంతం పెట్టింది. జారింది.

గుడ్డ మడత అడ్డం వచ్చిందేమో అని సవరించి మళ్ళీ పెట్టింది. జారింది. ఎడమ పక్క, కుడి పక్క, మధ్యలో, అంచున, ఎక్కడ పెట్టినా ఏ పట్టూ లేకుండా జారి ఆమె చేతిలోకి వచ్చి పడింది. బానెట్ అంతా లప్పమా? అంటే ముందు భాగం ఎప్పుడో దేనికో గట్టిగా గుద్దుకుంది. బానెట్ ఎత్తి చూసింది. నిలబెట్టే ఊచ విరిగిపోయింది, అందుకని ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో టార్చి వేసి ఇంజన్ నంబరు చూసింది. నంబరు గుర్తింపు రేకుతో సరిపోయింది. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు సంతోషం ఇవ్వలేదు.

"ఎక్కడైనా గుద్దుకుందా పిన్నీ?"

"నాకు తెలిసి లేదు. మా అన్నయ్య సంగతి వాడికే తెలియాలి, అడగడానికి వాడిప్పుడు లేడు."

రెండు మెట్లు దిగు. ఆమె నాలుగు అని రాసింది. పుస్తకం చూసి రేటు వేసింది. సంతకం పెట్టి కాగితం జరిపింది.

పిన్ని చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. "దీంతో సగం పొయ్యి వస్తుంది" అంది. తరవాత తనే నవ్వింది. "సగం పొయ్యిలో సగం రొట్టెలు కాలుస్తానులే. పరవాలేదమ్మాయ్, ఉన్నమాటే రాశావు. మిగతా సగానికి ఇల్లు తాకట్టు పెట్టాలో, తాళమే వెయ్యాలో చూస్తాను. నాలుగింటికి తెల్లబూట్లాయన వస్తానన్నాడు."

తెల్లబూట్లాయన అంటే పాత కార్ల షోరూమ్ యజమాని. ఆయన బూట్లకు దుమ్ము అంటగా ఎవరూ చూడలేదు.

ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుంది గాని ముద్ద దిగలేదు. ఎదురుగా కుర్చీలో మామయ్య కాళ్ళు చాపుకుని ఆరా తీస్తున్నాడు.

"గడపలు?"

"గట్టివి."

"నంబరు?"

"కలిసింది."

"అయితే ఆ ముఖమేంటే? బానెట్ నెత్తిన పడిందా?"

"బానెట్ అంతా లప్పం మామయ్యా. ఎక్కడా అంటలేదు."

"అయ్యో పాపం. మరి ఊచ ఉందా, లేకపోతే ఎప్పటిలా భుజం మీద మోశావా? ఆ కాపడం సంచీ తెచ్చుకో, రాత్రికి పట్టేస్తుంది."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఊచ లేని బానెట్లు ఎనిమిదేళ్ళలో ఎన్ని మోసిందో లెక్కలేదు. ప్రతిసారీ భుజం కదుము కట్టేది. ఇవాళ భుజం నొప్పి లేదు. నొప్పి లేకపోవడం కాదు, భుజమే పెట్టలేదు! ఎడమ చేత్తో పట్టుకుంది. చేత్తో కూడా కాదు, రెండు వేళ్ళతో. బానెట్ నిండా లప్పం ఉంటే మామూలు దానికన్నా బరువుండాలి కదా? ఇది అప్పడంలా లేచిందేమిటి?

"మామయ్యా! బరువు లేదు!"

"దేనికి?"

"బానెట్‌కి. రెండు వేళ్ళతో ఎత్తాను. అది లప్పం కాదు. అసలు ఇనుమే కాదు!"

మామయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏ ఏడాది బండి?"

చెప్పింది.

"ఓరి నా తెలివి తెల్లారా! ఆ తొలి ఏళ్ళవాటికి బానెట్ అల్యూమినియమే. తేలిక కోసం. నీకు చెప్పాను కదే?"

"చెప్పలేదు."

"చెప్పాననుకున్నానే! తరవాత్తరవాత అందరూ ఇనుపవి మార్చేసుకున్నారు. నువ్వు నాతో తిరిగిన ఎనిమిదేళ్ళలో ఒక్కటీ రాలేదు, అందుకే నోటికి రాలేదు. అసలుది అలాగే మిగిలి ఉంటే అది లోపం కాదే పిచ్చిదానా, అది కిరీటం! లోపలి వైపు అయస్కాంతం పెట్టి చూశావా? లప్పమైతే వెనకాల ఇనుము దొరకాలి."

పెట్టలేదు. ఒక చెయ్యి బానెట్‌కి, ఒక చెయ్యి టార్చికి పోయింది. రెండు వైపులా చూడమన్నది ఆయన చెప్పిన మాటే, అది మాత్రం ఆయన నిజంగానే చెప్పాడు.

గోడ గడియారంలో మూడున్నర దాటింది. బేకరీకి ఫోన్ చేశారు. మోగింది, మోగింది, ఎవరూ తియ్యలేదు.

"నేను చెబుతాలే" అన్నాడు మామయ్య, గొంతు తగ్గించి. "తప్పు నాదని చెబుతాను. నాకేం, ముసలాణ్ణి. నీకు ఇది నాలుగో కాగితం. ఇప్పుడే మాట మార్చావన్న పేరు వస్తే ఐదో కాగితం ఎవరూ రాయించుకోరు."

"సంతకం నాది మామయ్యా" అంటూనే ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఎంగిలి చెయ్యి కడగలేదన్న సంగతి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాక తెలిసింది.

సైకిల్‌ను అంత వేగంగా ఎన్నడూ తొక్కలేదు. భయం వేస్తోంది. కానీ ఆ భయం కింద ఇంకేదో బుస్సున పొంగుతోంది. అసలు బానెట్! తొలి ఏళ్ళది! నంబరు కలిసినది! మూల మలుపులో పాలవాడు "ఎవరు తరుముతున్నారే?" అని అరిచాడు. "అల్యూమినియం!" అని అరిచింది. ఆమె అరవగా వినడం వాడికి అదే మొదలు.

షెడ్డు ముందు పెద్ద కారు ఆగి ఉంది. లోపల తెల్లబూట్లాయన పిన్ని చేతికి పెన్ను ఇస్తున్నాడు. ఆమె రాసిన కాగితం ఆయన జేబులోంచి తొంగి చూస్తోంది.

"ఆగండి పిన్నీ!" అంది. గొంతు కీచుమంది.

ఇద్దరూ తిరిగి చూశారు. మామూలుగా అయితే అక్కడే ఆమె తల దించుకునేది. దించుకుంది కూడా. ఆ దించిన కళ్ళకు బానెట్ అంచు కనబడింది. దుమ్ములో తన వేళ్ళ ముద్రలు ఎడమ పక్కన ఉన్నాయి. కుడి పక్కన కొత్త ముద్రలు, రెండు వేళ్ళవి, పెద్దవి. తను వెళ్ళాక ఎవరో రెండు వేళ్ళతో ఎత్తి చూశారు. చూసినవాడికి సంగతి తెలుసు. తెలిసీ ఆమె కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఆ ముద్రలు చూశాక గొంతు తనంతట తానే తెరుచుకుంది. "ఆ కాగితం తప్పు. నేను తప్పు రాశాను. ఈ బండి నాలుగో మెట్టు కాదు, రెండోది."

తెల్లబూట్లాయన నవ్వాడు. "పొద్దున నాలుగు, సాయంత్రం రెండు. రేపు పొద్దున్నకి ఒకటి అవుతుందా అమ్మా? మీ మామయ్య ఉండగా ఇలాంటి పిల్లచేష్టలు ఉండేవి కాదు. సంతకం పెట్టాక మాట మారిస్తే రేపటినుంచి నిన్నెవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే పోనివ్వండి. నమ్మి మోసపోవడం కన్నా అదే నయం." ఈ మాట తనే అన్నదా అని ఆమెకే అనుమానం వచ్చింది. "పిన్నీ, ఒక్కసారి ఇటు రండి. ఆ బానెట్ ఎత్తండి."

"నేనా? నా నడుము..."

"చిటికెన వేలితో ఎత్తండి."

పిన్ని అనుమానంగా వేలు పెట్టింది. బానెట్ లేచింది. "ఓసినీ! నా పొయ్యి తలుపు కన్నా తేలిగ్గా ఉందే!"

"లప్పం ముద్దయితే ఇలా లేవదు. ఇప్పుడు చూడండి." పిన్ని ఎత్తి పట్టుకుంటే ఆమె అయస్కాంతాన్ని లోపలి వైపు పెట్టింది. జారింది. "లప్పమే అయితే లోపల ఇనుము ఉండాలి, అంటుకోవాలి. రెండు వైపులా అంటలేదంటే ఇది ఇనుము కాదు, అల్యూమినియం. ఫ్యాక్టరీనుంచి వచ్చిందే. ఇన్నేళ్ళూ మార్చకుండా ఉన్నవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు పొద్దున తెలియదు. ఈయనకి తెలుసు." కుడి అంచున ఉన్న వేలిముద్రలు చూపించింది. "ఇవి నావి కావు."

పిన్ని ముద్రలు చూసింది. తెల్లబూట్లాయన చేతులు చూసింది. వేళ్ళ చివర బూడిదరంగు దుమ్ము. బూట్లకు అంటనిది చేతులకు అంటింది.

"ఏమండీ" అంది పిన్ని తీరిగ్గా, "మీకు తెలిసిన సంగతి నాకు చెప్పడానికి నోరు నొప్పెట్టిందా?"

"వ్యాపారమమ్మా. కొనేవాడు అమ్మేవాడికి పాఠాలు చెబుతాడా?"

అయస్కాంతం సంచీలోంచి కొత్త కాగితం తీసింది. కారు ముందు చక్రం పైరేకు మీద పెట్టి రాసింది. రెండో మెట్టు. గడపలు గట్టివి, నంబరు కలిసింది, ఫ్యాక్టరీ కుట్టు, అసలు బానెట్. రంగు మాసింది, సీటు చిరిగింది, ఊచ లేదు. లోపాలు ఒక్కటీ వదల్లేదు. కింద ఇంకో వాక్యం చేర్చింది: ఈ రోజు ఉదయం నేను రాసిన కాగితం తప్పు. సంతకం చేసింది. ఈసారి బల్ల మీద జరపలేదు, పైకి చదివింది. రేటు దగ్గరికి వచ్చినా ఆగలేదు.

పిన్ని మనసులో కూడుకుంది. "ఒకటింపావు పొయ్యి!" అంది గట్టిగా.

"ఆ రేటు ఎవరిస్తారు?" అని తెల్లబూట్లాయన తన కారు వైపు నడిచాడు. "ఆరింటికి మీ పొయ్యి పోతుంది. ఆలోచించుకోండి."

తలుపు తీశాడు. కూర్చున్నాడు. పిన్ని అయస్కాంతం వైపు తిరిగి చెవిలో అంది, "అమ్మాయ్, ఈసారి ఖాయమేనా? పొద్దున కూడా ఇదే ముఖంతో ఉన్నావు."

నిజమే. బండి చుట్టూ ఇంకోసారి మనసులోనే తిరిగింది. గడపలు, తలుపులు, నేల, నంబరు, కుట్టు, బానెట్. "ఖాయం పిన్నీ. ఆయన కాకపోతే ఇంకొకరు ఇస్తారు. కానీ ఆయనే ఇస్తాడు. వదులుకునేవాడైతే ఈ పాటికి ఇంజన్ మోగేది."

ఇంజన్ మోగలేదు. తెల్లబూట్లాయన దిగివచ్చాడు. "పదోవంతు తగ్గించండి."

"తూకం వేశాక రొట్టె అంచు కొరుక్కుంటామంటే ఊరుకుంటానా?" అంది పిన్ని. "కాగితంలో లోపాలన్నీ తీసేశాకే ఆ రేటు వచ్చింది. అంతేనా అమ్మాయ్?"

"అంతే."

ఆయన ముదురాకుపచ్చ కారు వైపు చూశాడు. ఆ చూపు వ్యాపారిది కాదు, ఆకలిగా ఉన్నవాడిది. నిట్టూర్చి జేబులోంచి పాత కాగితం తీసి, నలిపి, చెక్కుబుక్కు తెరిచాడు. రాస్తూ తలెత్తకుండానే, "మా షోరూమ్‌లో ఇలాంటివి పదకొండున్నాయి" అన్నాడు. "వచ్చి చూస్తావా?"

"చూస్తాను. మీకు నచ్చేట్టు మాత్రం రాయను."

"అది ఇప్పుడు కళ్ళారా చూశాగా" అన్నాడాయన. మొదటిసారి పళ్ళు కనబడకుండా నవ్వాడు.

పిన్ని చెక్కు మీద సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి, జాకెట్టులో దోపుకుని, లోపలికి పరుగెత్తింది. అవునండీ, నడుము సంగతి ఎవరికీ గుర్తులేదు. ఫోన్లో ఆమె గొంతు వీధి చివరికి వినబడింది. "ఒరే అబ్బాయ్, ఆ పొయ్యి ఎవడికీ ఇవ్వకు! పూర్తి రేటు! పూర్తి పొయ్యి! రేపు పొద్దున్నే పంపించు! ఏంటి? ఎంత వెడల్పు? ఆగు, ఆగు... అమ్మాయ్! తలుపులో పడుతుందో లేదో అడుగుతున్నాడు, చూడవే!"

అయస్కాంతం అప్పటికే బేకరీ గుమ్మం ముందు మోకాళ్ళ మీద ఉంది. బొటనవేలు, చిటికెన వేలు చాపి జానలు కొలుస్తూ, "ఒకటి, రెండు, మూడు..." అని పైకి లెక్కపెడుతోంది, దారిన పోయేవాళ్ళందరికీ వినబడేట్టుగా.